వదిన రాసిన దారి పుస్తకం

మా వదిన బస్‌స్టేషన్‌లో విచారణ కౌంటర్‌లో కూర్చుంటుంది. ఇరవయ్యారేళ్లుగా అదే కుర్చీ, అదే అద్దం, అద్దంలో అదే గుండ్రటి కంత. ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎక్కడ దిగి ఎక్కడ మారాలో, ఆ దిగినచోట తాగడానికి నీళ్లు దొరుకుతాయో లేదో కూడా చెప్పేస్తుంది. మైకు పట్టుకుందంటే బయట పండ్లబండి దగ్గరున్నవాళ్లక్కూడా ప్రతి అక్షరం విడివిడిగా వినపడాల్సిందే. డ్రైవర్లు ఆవిణ్ణి మైకమ్మ అంటారు. ఇంతమందిని ఇన్ని ఊళ్లకు పంపిన మనిషి, తను మాత్రం నాలుగు గంటల ప్రయాణం దాటి ఎక్కడికీ వెళ్లలేదు. అదేమిటని అడిగితే, అన్ని ఊళ్లూ నా కిటికీ దగ్గరికే వస్తుంటే నేను పోవడం దేనికని ఎదురడిగేది.

మా అన్నయ్యది పుస్తకాలు బైండు చేసే షాపు. నోట్లో నాలుక లేని మనిషి. ఉన్నా దానికి తీరిక లేదు, పొద్దస్తమానం పెదాల మధ్య మైనం పూసిన దారం పట్టుకునే ఉంటాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో నాలుగు ‘ఊఁ’లే. నేనూ ఆ షాపులోనే పనిచేస్తాను. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను పేజీల వరుస తప్పకుండా మడిచి దొంతర్లు పెట్టడం నా పని. నా సంగతి దాచేదేముంది, నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధి వీధంతా తెలుసు. ఇక్కడ చెప్పబోయేదంతా జరిగింది కూడా ఆ నువ్వుగింజ వల్లే.

వదినకు ఐదేళ్లప్పుడు తల్లి పోయింది. దాంతో పిల్ల మాట్లాడటం మానేసిందట. ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేదు. పెంచిన పిన్ని ఇళ్లల్లో వాళ్లకు బట్టలు కుట్టేది. పిల్లను కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని, జవాబు వచ్చినా రాకపోయినా రోజంతా కబుర్లు చెప్పేదట. ఏదో ముద్దుపేరు పెట్టి, ప్రతి మాటకు ముందూ ఆ పేరుతో పిలిచేదట. చివరికొక రోజు ఆ పిలుపుకే పిల్ల ‘ఊఁ పిన్నీ’ అని పలికింది. ఆ తరవాత ఇంక ఆగిందెక్కడ, మైకు దాకా వచ్చింది.

వదినకు ఇరవై ఏళ్లు వచ్చాక పిన్నికి పరాయి దేశంలో ఓ ఆసుపత్రిలో బట్టలు కుట్టే ఉద్యోగం దొరికింది. వెళ్లి, ఆలస్యంగా అక్కడే పెళ్లి చేసుకుని, ఓ కూతుర్ని కని అక్కడే ఉండిపోయింది. వదిన పెళ్లికి కూడా రాలేకపోయింది. ఆదివారం ఆదివారం ఫోను. ఆ ఫోను వస్తే వదిన గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది. ముద్దుపేరేమిటో కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదంటే చూడండి. ఆవిడ కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో నేను ఎన్ని పేర్లు ఊహించి అడిగానో లెక్కలేదు. అన్నింటికీ అడ్డంగా తల ఊపి నవ్వేది. “అది పిన్ని నోటికే బాగుంటుంది, నీకెందుకు?” అనేసేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఈ ఏడు మొదట్లో పిన్ని గొంతు బొంగురుపోయింది. తరవాత సన్నగిల్లింది. ఆ తరవాత ఫోనులో గరగర తప్ప మరేమీ వినపడకుండా పోయింది. పిన్ని కూతురు ఫోను చేసి విషయం చెప్పింది. గొంతులో జబ్బు, స్వరపేటిక తీసేయాలి, ఆపరేషన్‌కు మూడు నెలల తరవాత రోజు కూడా పెట్టేశారు. ప్రాణానికి భయం లేదట గానీ మాట మాత్రం ఇక ఉండదట. ఇప్పటికైతే పక్కన కూర్చుని నోటి దగ్గర చెవి పెడితే మాటలు తెలుస్తున్నాయట. ఆ పిల్ల అక్కడే పుట్టి పెరిగింది, మన మాట సగమే వచ్చు. ఆ సగంతోనే ఇదంతా చెప్పడానికి పాపం చాలా అవస్థపడింది.

వదిన ఫోను పెట్టేసి, తను వెళ్తున్నానని చెప్పింది. మా అన్నయ్య చేతిలో సూది ఆగిపోయింది. నేనైతే ఎగతాళి అనుకున్నాను. ఆ దేశం పేరు పలకడమే మాకు సరిగ్గా రాదు. అక్కడి వాళ్ల మాట రాదు, చలి తెలియదు, విమానం ఆకాశంలో చూసిందే. ఆ సాయంత్రం కాగితాలు మడుస్తూ నాతో ఒక్కదాంతో అంది. “ఆ పేరు ఇంకొక్కసారి పిన్ని నోట వినాలి. తరవాత నన్నలా పిలిచేవాళ్లెవరూ ఉండరు.” ఇంక నేను ఎగతాళి అనుకోలేదు.

ఒంటరిగా ఎందుకని అన్నయ్యకూ కలిపి ఇద్దరికీ పాస్‌పోర్టులు తీసుకున్నారు, ఇద్దరికీ వీసాకు పెట్టారు. షాపు నేను చూసుకుంటానన్నాను. మా అన్నయ్య నీలం క్యాలికో గుడ్డ అట్టేసి ఓ నోటుపుస్తకం కుట్టి ఇచ్చాడు. దానికి వదిన దారి పుస్తకం అని పేరు పెట్టింది.

అందులో ఆవిడ రాసిన పద్ధతి చూస్తే నాకు మతిపోయింది. మొదటి పేజీలో ‘పిన్ని మంచం’ అని ఉంది. రెండో పేజీలో ఆ గదికి వెళ్లే వరండా. మూడో పేజీలో లిఫ్టు, ఎన్నో అంతస్తు నొక్కాలో. తరవాత ఆసుపత్రి గుమ్మం, గుమ్మం ముందు స్టాపు, ఆ స్టాపుకు వచ్చే బండి నంబరు, అది ఎక్కాల్సిన చోటు, ఇలా వెనక్కి వెనక్కి వచ్చి నలభై ఒకటో పేజీలో మా ఇంటి తాళం దగ్గర ఆగింది. ఇదేం తిరకాసని అడిగాను. కౌంటర్‌లో పనే అంతట, చేరాల్సిన చోటు పట్టుకుని వెనక్కి వస్తేనే దారి తప్పదట. మనిషి నిలబడ్డ చోటు నుంచి మొదలుపెడితే నాలుగు రోడ్లు కనపడి బుర్ర తిరుగుతుందట. మా అన్నయ్య పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. చివరి పేజీ నుంచి చదవాల్సిన పుస్తకాన్ని ఆయన జన్మలో కుట్టి ఉండడు. ‘ఊఁ’ అని తిరిగి ఇచ్చేశాడు.

ఆ పుస్తకం నింపడానికి వదిన చేయని పని లేదు. కౌంటర్‌కు పెట్టెల మీద విమానం చీటీలు ఉన్నవాళ్లు ఎవరొచ్చినా వాళ్ల బస్సు సంగతి చెప్పి, మారుగా వాళ్ల దగ్గర నాలుగు ముక్కలు రాబట్టేది. నడిచే మెట్ల మీద కాలెలా పెట్టాలి, చేతిసంచిలో కత్తెర ఉంటే ఏమంటారు, మంచుమీద ఏ చెప్పులు జారవు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, ఆవిడకు అడగడానికి సిగ్గు లేదు. పిన్ని కూతురు పంపిన ఫొటోలు చూసి ఆసుపత్రి వరండాలో ఎన్ని తలుపులున్నాయో కూడా రాసుకుంది. ఎడమవైపు ఐదోది.

వీసాలు వచ్చాక ముందుగదిలో కుర్చీలు వరుసగా వేసి రిహార్సలు మొదలుపెట్టింది. నేను ఆ దేశం అధికారిని. బల్ల వెనక కూర్చుని కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఎందుకొచ్చావు, ఎన్నాళ్లుంటావు, తిరిగి పోతావా లేక మా నెత్తిన కూర్చుంటావా అని గద్దించేదాన్ని. వదిన మైకులో చెప్పినట్టు జవాబులు చెప్పేది. మా అన్నయ్య వంతు వచ్చేసరికి నేనేమడిగినా ‘ఊఁ’ అనేవాడు. ఇట్లయితే నిన్ను తిరుగు విమానం ఎక్కిస్తారని బెదిరించాను. దానికీ ‘ఊఁ’ అన్నాడు.

అదిగో, ఆ అధికారి వేషంలోనే నేను వదిన పాస్‌పోర్టు పేజీలు తిరగేశాను. కాపీలు తీయడానికి దాన్ని పదిసార్లు మిషను మీద బోర్లించి నొక్కారు కదా, నడిమి మడత దగ్గర కుట్టు వదులైంది. రెండు పేజీలు ఊగుతున్నాయి. మాకు అక్షరాలు కనపడవండీ, కుట్టే ముందు కనపడుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు. నేను ఊరుకుంటానా? మర్నాడు షాపులో అన్నయ్యతో, వదిన పాస్‌పోర్టు కుట్టు వదులైంది, అంత దూరం పోయేలోపు పేజీ ఊడుతుందని చెప్పేశాను. ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు నేనే ఇంట్లో తన ప్రయాణం బ్యాగులోంచి తీసి తెచ్చి ఇచ్చాను కూడా.

ఆయన తీసుకున్న శ్రద్ధ చూడాల్సింది. మిషను కుట్టు దారం ఒక్కో పోగూ తీసేశాడు. పేజీలు వరుస తప్పకుండా పేర్చుకుని, పాత కంతల్లోంచే సన్నసూదితో, మైనం పూసిన దారంతో చేత్తో కుట్టాడు. వీపుకు పలచగా జిగురు పెట్టి, ఒక పూటంతా పుస్తకాలు నొక్కే ప్రెస్సులో బిగించాడు. తీశాక అంచు ఒక వెంట్రుకవాసి ఎగుడుదిగుడుగా ఉందని కటింగ్ మిషను మీద మూడు వైపులా కోసి సమం చేశాడు. పుస్తకం ముట్టుకుంటే వెన్నలా ఉంది. నలభై ఏళ్లలో ఆయన చేసిన పనుల్లో అంత అందమైంది నేను చూడలేదు. ప్రయాణానికి అప్పటికి ఎనిమిది రోజులున్నాయి.

సాయంత్రం వదిన రాగానే, పెళ్లికూతుర్ని చూపించినట్టు చూపించాం. ఆవిడ తెరిచింది. మూసింది. వేలితో అంచు మీద ఒకసారి రాసింది. ఆ ముఖంలో మేము ఎదురుచూసిన మెచ్చుకోలు లేదు.

అతికించిన టికెట్టు పట్టుకుని ఇది చెల్లుతుందా అని రోజుకు నలుగురైనా ఆవిడ కిటికీ దగ్గరికి వస్తారు. వాళ్లందరికీ ఇరవయ్యారేళ్లుగా ఆవిడ చెప్పేది ఒకటే మాట. చేయి పడ్డది చెల్లదు. అతికించినా, కుట్టినా, ఎంత శుభ్రంగా చేసినా చెల్లదు. ఆ మాటే మాకూ చెప్పింది, అరవకుండా. నేను కుట్టింది ఎవడూ కనిపెట్టలేడని మా అన్నయ్య అన్నాడు. నిజానికి ఆరోజు ఆయన పలికింది ఆ ఒక్క మాటే. నేనూ వంత పాడాను, ముందు పేజీ మాత్రమే చూస్తారు, నవ్వుతూ ఇచ్చేయమన్నాను. వదిన ఒప్పుకోలేదు. దాచిపెట్టి పోయి, అక్కడ గుమ్మంలో పట్టుబడి వెనక్కి వస్తే పిన్ని మనసు ఏమవుతుందని అడిగింది.

మర్నాడు పాస్‌పోర్టు ఆఫీసుకు నేనూ వెంట వెళ్లాను. అక్కడా అద్దం, అద్దంలో గుండ్రటి కంత. ఈసారి వదిన ఇవతల నిలబడింది. వంగి, ఆ కంతలోంచి, “ఇది చెల్లుతుందాండీ?” అని అడిగింది. జవాబు తెలిసి కూడా అలా అడుగుతుంటే వినలేకపోయాను. ఆ ఉద్యోగి భూతద్దం పెట్టి చూసి, ఎవరు కుట్టారోగానీ గొప్పగా కుట్టారని మెచ్చుకుని, చెల్లదన్నాడు. కొత్తది మూడు వారాలు. దాని మీద మళ్లీ వీసా, అదో నెల. ఆపరేషన్ పన్నెండు రోజుల్లో. ఆ కొత్తది తరవాత వచ్చింది లెండి, ఇప్పటికీ దాన్ని మా ఇద్దరి చేతికీ ఇవ్వదు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది మా వదిన పని. పడేసింది నేను. స్టాపులో నిలబడి ఆ మాట చెప్పేశాను, అన్నయ్యకు చెప్పింది నేనే వదినా, బ్యాగులోంచి తీసింది కూడా నేనే అని. “తెలుసు. ఆయన నా బ్యాగు ముట్టుకోరుగా” అంది. పాస్‌పోర్టు తీసి మళ్లీ ఒకసారి విప్పి చూసి, “ఎంత బాగా కుట్టారో” అని ఏడ్చేసింది. మైకమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదలు. రెండు బస్సులు వదిలేశాం.

ఇంటికి వచ్చేసరికి మా అన్నయ్య షాపు మూసి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన టికెట్టు కూడా రద్దు చేద్దామన్నాడు. వదిన ముఖం కడుక్కుని వచ్చి, మీరు వెళ్లండి అంది.

“నువ్వు లేకుండా నేనెళ్లి ఏం మాట్లాడను?”

“మాట్లాడకండి. వినండి. మీలా వినేవాళ్లని నేనింకెక్కడా చూడలేదు.”

ఆ ఏడు రోజుల్లో వదిన దారి పుస్తకం మొత్తం మళ్లీ రాసింది. పాత రాత పక్కనే, ఎర్ర సిరాతో, మొగుడి కోసం. తనకైతే ‘అడగాలి’ అని ఒక్క ముక్క రాసుకున్న చోటల్లా ఆయనకు బతిమాలి రాసింది. ‘ఇక్కడ రెండు దారులు కనపడతాయి. ఊహించకండి. నీలం చొక్కా వేసుకున్నవాళ్లను అడగండి. మీకు దండం పెడతాను, అడగండి.’ ‘ఇక్కడ బెల్టు తీయమంటారు. తీయండి. మళ్లీ పెట్టుకోవడం మరిచిపోకండి.’ ‘ఈ వరసలో ఎవరైనా మీ ముందుకు దూరితే ఊఁ అనకండి.’ మొదటి పేజీలో పిన్ని మంచం కింద మాత్రం ఎర్ర సిరా లేదు. అక్కడేం చేయాలో ఆవిడకే తెలియలేదనుకుంటాను.

అన్నింటికన్నా కష్టం ఆయన నోరు విప్పించడం. మీ గొంతు మీ మీసం దాటి రాదని రోజూ మధ్యాహ్నం తన కౌంటర్‌కే రప్పించేది. ఈయన అందరితో పాటు వరసలో నిలబడి, వంతు వచ్చాక ఏదో ఒక బస్సు అడగాలి. నేను వెళ్లి చూశాను. ఆయన కంత దగ్గర ఏదో గొణిగాడు. వదిన పరాయి మనిషితో అన్నట్టే, వినపడలేదండీ, గట్టిగా అడగండి అంది. మళ్లీ గొణిగాడు. మళ్లీ అదే జవాబు. వెనకున్న ముసలాయన విసుక్కున్నాడు. నాలుగోసారి మా అన్నయ్య, చెవుల దాకా ఎర్రబడి, పన్నెండో నంబరు ఎప్పుడొస్తుందని స్టేషన్ దద్దరిల్లేలా అరిచాడు. పన్నెండు నిమిషాల్లో వస్తుందండీ, ఆరో ప్లాట్‌ఫారం అని చెప్పి వదిన తల వంచుకుంది. నవ్వుతోందని నాకు తెలుసు.

ఆయన వెళ్లాడు. వదినకు ఇచ్చిన సెలవు ఇచ్చినట్టే ఉంది కాబట్టి షాపుకు వచ్చి ఆయన బల్ల దగ్గర కూర్చుంది. కూర్చుని ఏం చేస్తుంది, నాతో పాటు కాగితాలు మడిచింది. ఒక్కో పేజీ దాటాక ఆయన ఫోనులో అంకె ఒక్కటే పంపాలని ఒప్పందం. ముప్పై ఆరు వచ్చింది. ముప్పై రెండు వచ్చింది. ఇరవై ఎనిమిది విమానం లోపల కుర్చీ, అది కూడా వచ్చింది. తరవాత పద్నాలుగు గంటలు ఏమీ లేదు. మర్నాడు పొద్దున పంతొమ్మిది అని వచ్చింది, అంటే ఆ దేశం గుమ్మం దాటాడు. నేనడిగిన ప్రశ్నలకే నోరు పెగలనివాడు అసలు అధికారికి ఏం చెప్పాడో దేవుడికెరుక.

తరవాత పదకొండు దగ్గర ఆగిపోయాడు. పదకొండంటే బండి మారాల్సిన చోటు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. వదిన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది, మడతలు మాత్రం అన్నీ వంకర పోతున్నాయి. నేను వాటిని ఆమె చూడకుండా తీసి మళ్లీ మడిచాను. మూడో గంటలో పది వచ్చింది. దాని కింద, ఆయన జన్మలో మొదటిసారి, ఒక వాక్యం కూడా వచ్చింది. ‘తప్పు బండి ఎక్కాను, ఐదుగుర్ని అడిగాను.’ వదిన ఆ వాక్యాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించింది.

భోజనం చేసి వచ్చి కూర్చున్నాక ఫోను మోగింది. వదిన ఫోనును కాగితాల దొంతరకు ఆనించి, స్పీకర్ పెట్టింది.

“మొదటి పేజీలో ఉన్నాను” అన్నాడు మా అన్నయ్య.

తరవాత గరగర. కాగితం మీద ఇసుక జారుతున్నట్టు, అంతే, మాట అన్నది లేదు. వదిన ఫోను మీదికి వంగింది, చెవి దానికి ఆనించింది, కళ్లు మూసుకుంది. మళ్లీ గరగర. ఏమీ తెలియడం లేదని తల ఊపింది. రెండు పేజీలు, నడిమి కుట్టు వదులైన రెండే పేజీలు, ఊడితే ఊడేవి. ఊరుకుని ఉంటే ఈవిడ ఈపాటికి అక్కడ ఉండేది కదా.

అప్పుడు మా అన్నయ్య గొంతు వచ్చింది. “ఉండు. పిన్ని నా చెవిలో చెబుతోంది. నేను పైకి చెబుతాను.”

ఆ తరవాత, ముప్పై ఏళ్లుగా పది మాటలు మించి మాట్లాడని మనిషి, కౌంటర్ దగ్గర అరిచినంత గట్టిగా, ఆ పేరు పెట్టి పిలిచాడు. పిలిచి, తిన్నావా అని అడిగాడు. అడిగిన తీరు ఆయనది కాదు. ఒక చెయ్యి కుట్టుమిషను మీద ఉంచి, పక్కనున్న పిల్లవైపు తల తిప్పి అడిగేవాళ్ల తీరు.

ఆ పేరు నేనూ విన్నాను. ఎన్నేళ్లుగానో తెలుసుకోవాలని నేను చచ్చేంత ఆరాటపడ్డ పేరు. ఇక్కడ రాయను. మా వీధిలో కూడా ఎవరికీ చెప్పలేదు, మీరు నమ్మినా నమ్మకపోయినా.

వదిన కళ్లు తెరవలేదు. “ఊఁ పిన్నీ” అంది.

నేను చేతిలో కాగితాలు పక్కన పెట్టి బయటికి వచ్చి, షాపు తలుపు దగ్గరగా వేశాను.